రమణి పెండ్లి పిలుపు

దొంగతనానికి వచ్చేవాళ్ళు ముందుగా ఇంటాయన ఎదురుగా కూర్చుని, టీ తాగి, ఏ గదిలోకి రావచ్చో ఏ గదిలోకి రాకూడదో అడిగి, కాగితం మీద సంతకం పెట్టించుకుని పోవడం భూపేష్ రెడ్డి ఎన్నడూ చూడలేదు. అందుకే ఆ రోజు కూర్చున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

"దొంగలు దండోరా వేసుకోని వచ్చేది ఈ కాలంలోనే చూస్తాండానమ్మా," అన్నాడు. "ఇంగ మేము తలుపులకు తాళాలు వేసుకునేది ఏంటికి?"

నాగజ్యోతి నవ్వలేదు. ఈ మాట ఆమెకు కొత్త కాదు. కంపెనీ యజమాని ఒప్పుకున్నాకే దొంగలా లోపలికి దూరడం, ఎక్కడెక్కడ దూరగలిగామో చెప్పి ఆ కంతలు పూడ్చుకొమ్మనడం ఆమె వృత్తి. ఊరు కమలాపురం. హైదరాబాదులో కొన్నేళ్ళు ఈ పని నేర్చి, జయరాజ్ అనే స్నేహితుడితో కలిసి కడపలో సొంతంగా ఆఫీసు పెట్టింది. పేరు పెద్ద పేరే, పెనిట్రేషన్ టెస్టింగ్. వాళ్ళ నాయనకు మాత్రం బిడ్డ చేసే పనేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు.

భూపేష్ రెడ్డిది విత్తనాల కంపెనీ. వాళ్ళ నాయన నారాయణ రెడ్డి భార్య పేరు మీద కృష్ణవేణి సీడ్స్ అని మొదలుపెట్టాడు. కర్నూలు నుంచి నందికొట్కూరు పోయే రోడ్డు మీద పెద్ద మేడ. ఏ పత్తి జాతిని దేనితో కలిపితే ఏ విత్తనం వస్తుందో, ఆ గుట్టంతా రెండో అంతస్తులో కంప్యూటర్ల గదిలో ఉంది. ఎక్కడో ఒక కంపెనీ గుట్టును ఎవరో ఎత్తుకుపోయారని విన్నప్పటి నుంచి భూపేష్ రెడ్డికి కంటి మీద కునుకు లేదు. కడప నుంచి వీళ్ళను పిలిపించింది అందుకే.

నాగజ్యోతి ఒక్కొక్క షరతూ చదివి వినిపించింది. ఆఫీసు నడిచే వేళల్లోనే ప్రయత్నిస్తాం. కంప్యూటర్లలో ఏదీ చెరపం, ఏదీ బయటికి పట్టుకుపోం. అబద్ధం చెప్పవచ్చు, వేషం వేయవచ్చు. బెదిరించకూడదు, లంచం చూపకూడదు, మనిషి మీద చెయ్యి వేయకూడదు. ఎవరికైనా హాని జరిగేలా ఉందని మీరు గానీ మేము గానీ 'ఆపు' అంటే ఆ క్షణమే పని ఆగిపోవాలి.

"మేడ పైన ఉండే మా అమ్మ గదికి మాత్రం పోవద్దండి. ఆయమ్మ మిమ్మల్ని దొంగలనుకోదు, కోడండ్లనుకోని పని చెప్తాది," అన్నాడు భూపేష్ రెడ్డి. ఆ గది హద్దుల్లోంచి తీసేశారు.

చివరి షరతు దగ్గర నాగజ్యోతి గొంతు కొంచెం గట్టిపడింది. ఆమెకు ప్రాణమంతా ఆ షరతులోనే ఉంది. మేము ఇచ్చే రిపోర్టులో ఎవరి పేరూ ఉండదు, పరీక్షలో తప్పారని ఎవరినీ ఉద్యోగంలోంచి తీయకూడదు. హైదరాబాదులో ఉన్నప్పుడు ఇలాంటి పరీక్ష తర్వాతే ఒక ముసలి వాచ్‌మన్‌కు ఉద్యోగం పోయింది. అది చూసి అక్కడి పని వదిలేసి వచ్చిన మనిషి ఆమె. 

"పరీక్ష తలుపుకు సార్, మనిషికి కాదు. మా వల్ల ఎవరికీ కూడు పోకూడదు," అంది.

"మంచిదే గదా," అన్నాడు భూపేష్ రెడ్డి. "అయితే నా మాట కూడా ఒకటి రాయమ్మా. మీరు తీసే వీడియో మా వాళ్ళకు చూపించుకుంటా. బుద్ధి రావల్ల గదా జనానికి."

అడిగినదాంట్లో తప్పేమీ కనబడలేదు. సిబ్బందికి నేర్పించడం కోసం వీడియో వాడుకోవచ్చని నాగజ్యోతి తన చేత్తోనే రాసింది. ముఖాలు కనబడకుండా చేసి ఇవ్వాలని రాయాల్సిన చోటు అదే. రాయలేదు. భూపేష్ రెడ్డి కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి చూస్తే మనకు మంచివాడనిపిస్తుంది. అది మన ఖర్మ.

పని మొదలయ్యాక తెలిసింది, ఆ ఆఫీసుకు కంతలు తక్కువ. దొంగ మెయిళ్ళు పంపారు. మెయిల్ చూసే అలవాటు ఉంటే గదా ఎవరైనా మోసపోయేది! అక్కడ బేరాలన్నీ ఫోన్లలో సాగుతాయి, చీటీలన్నీ వాట్సాప్‌లో పోతాయి. చేపల్లేని చెరువులో వల వేసినట్టయింది. బయటి నుంచి కంప్యూటర్లలోకి దూరాలని చూస్తే, ఆ యంత్రాలకు అసలు బయటి ప్రపంచంతో సంబంధమే లేదు. అంజలి అనే ఇంజనీరు పిల్ల దాన్ని జాగ్రత్తగా విడగొట్టి పెట్టింది. ఇక మిగిలింది ఆ గది తలుపు ఒక్కటే.

ఆ తలుపు దగ్గర స్టూలు వేసుకుని హంపమ్మ కూర్చుంటుంది.

హంపమ్మది ఆదోని వైపు పల్లె. మొగుడు హనుమేష్ ఈ కంపెనీ లోడు ఎత్తేవాడు. విత్తనాల లారీ బోల్తా పడి బస్తాల కింద పోయాడు. పెద్దాయన నారాయణ రెడ్డి బతికి ఉండగానే ఆమెను పిలిపించి, "ఈ తలుపు కాడ కూర్చోమ్మా, నువ్వుండేంతవరకు నీకు అన్నం ఈడనే," అని మెడలో తలుపు తెరిచే కార్డు వేయించాడు. అప్పటి నుంచి ఆ కార్డు ఆమె మెడలోంచి దిగలేదు. తాళి పోయిన మెడలో అదే ఉంది.

జయరాజ్ ఏసీ మెకానిక్కు వేషంలో, భుజాన సంచీతో పోయాడు. హంపమ్మ స్టూలు మీద నుంచి లేవను కూడా లేవలేదు.

"అంజలమ్మ నాకు చెప్పల్యా. చెప్పకుండా దేవుడొచ్చినా తీయను. పోప్పా," అంది.

కొరియర్ అన్నారు, పని జరగలేదు. పెద్దసారు భూపేష్ రెడ్డి పంపించినాడన్నారు. "పెద్దసారుకు నోరుండాది, ఫోనుండాది. ఆయప్పనే చెప్పమను," అంది. జయరాజ్ కిందికి వచ్చి, "తాళం కన్నా ఆయమ్మే గట్టిగా ఉండాది," అని నవ్వాడు. అతనికి ముచ్చటేసింది. నాగజ్యోతికి మాత్రం వేయలేదు. కడపలో ఆఫీసు తెరిచి ఇంకా నిలదొక్కుకోలేదు. మీ కంపెనీ భద్రంగా ఉంది సార్ అని ఒక్క ముక్క రాసి చేతిలో పెడితే, ఇంతోటి దానికి మీరెందుకమ్మా అంటాడు ఆ పెద్దమనిషి. పరీక్ష గడువులో ఇక ఒక్కరోజే మిగిలింది.

ఆ సాయంత్రం గేటు ఎదురుగా టీ అంగడిలో కూర్చుని ఉండగా, ఎవరో ఒకావిడ పట్టుచీర కట్టుకుని, చేతిలో కుంకుమ భరిణె, పెండ్లి పత్రికలు పెట్టుకుని ఆటో దిగింది. ఎవరు, ఎక్కడికి, పేరు రాయండి అని రోజూ ప్రాణం తీసే సెక్యూరిటీ గోపన్న లేచి నిలబడి గేటు బార్లా తెరిచాడు. బొట్టు పెట్టి పిలవడానికి వచ్చిన మనిషిని ఆపే మగాడు రాయలసీమలో ఇంకా పుట్టలేదు. నాగజ్యోతి గ్లాసు కింద పెట్టింది.

పత్రిక రాత్రికి రాత్రే తయారైంది. చి.సౌ. రమణి అని పెండ్లికూతురికి పేరు పెట్టింది. వరుడికి ఒక పేరు, రెండు వైపులా తాతల పేర్లు, వచ్చే ఆదివారం ముహూర్తం. నమ్మేట్టుగా ఉండాలని కర్నూల్లో నిజంగా ఉన్న ఒక ఫంక్షన్ హాలు పేరు వేయించింది.

"మనిషి మీద చెయ్యి వేయకూడదని నువ్వే గదా రాసింది," అన్నాడు జయరాజ్.

"బొట్టు పెట్టడం చెయ్యి వేయడమా?"

"నుదురు మనిషిది కాదా మరి?"

"రేయ్, కొట్టడం, నెట్టడం, ఆ రూలు దానికి. బొట్టు మర్యాద. మర్యాద చేయొద్దని ఎవరైనా రూలు రాస్తారా?"

జయరాజ్ ఊరుకున్నాడు. చర్చికి పోయే ఇంటివాడు, బొట్టు సంగతి నాకేం తెలుసులే అనుకున్నాడేమో. హద్దు గీసినవాళ్ళే దాన్ని కాలి బొటనవేలితో కొంచెం అవతలికి జరిపితే అడిగేవాళ్ళు ఎవరుంటారు? కంచే చేను మేయడం అంటే ఇదే.

మరుసటి రోజు నాగజ్యోతి పట్టుచీర కట్టుకుని, జాకెట్టు గుండీలో చిన్న కెమెరా పెట్టుకుని వచ్చింది. గోపన్న లేచి గేటు తీశాడు. కింది అంతస్తులో ఆడవాళ్ళు కుర్చీల్లోంచి లేచి నుదుళ్ళు ముందుకు పెట్టారు. ఎవరమ్మాయివి, ఎవరింటి పెండ్లి అని ఒకరిద్దరు అడిగారు. మా చెల్లెలిది, అంజలికి తెలుసు అంది. అంజలి ఆ వేళకు కింద క్యాంటీన్లో అన్నం తింటుందని ముందే కనుక్కుంది. 

రెండో అంతస్తు మెట్లెక్కేసరికి హంపమ్మ లేచి నిలబడింది. చేతిలోని భరిణెను చూసింది. చూసి, అలవాటుగా గోడ వైపు జరిగి, కొంగు భుజం మీదికి లాక్కుంది. శుభకార్యం ఎదురొస్తే పక్కకు తప్పుకోవడం ఆ మనిషికి ఒంటికి పట్టిన విద్య అయిపోయింది.

అప్పుడు చూసింది నాగజ్యోతి. ఇన్నాళ్ళూ దూరం నుంచి చూసిన మనిషే. మెడలో కార్డు చూసింది, స్టూలు చూసింది, తలుపు చూసింది. ఆ నుదురు ఖాళీగా ఉందని మాత్రం ఇప్పుడే చూసింది.

"నాకొద్దు తల్లీ," అంది హంపమ్మ. "నాకు ఆయప్ప లేడు. నీ మంచికార్యానికి నేనెదురు రాకూడదు. నువ్వు పో."

అక్కడ ఆగిపోవచ్చు. ఆపు అనే మాట కాగితంలో ఉంది, అది అనడానికి ఇద్దరిలో ఎవరికైనా హక్కుంది. నాగజ్యోతికి ఆ మాట గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చింది, దాని వెనకాలే ఇంకో సంగతీ తోచింది. ఈ మనిషికి దేవుడొచ్చినా తలుపు తీయనంత గట్టిదనం ఉంది గానీ, ఎవరైనా మనిషిగా పిలిస్తే మాత్రం తట్టుకోలేదు. ఇన్నాళ్ళు వెతికిన కంత ఇదే.

"ఏం కాదులేమ్మా. మా ఇంట్లో అట్లాంటివి చూడం," అని, ఉంగరపు వేలు కుంకుమలో ముంచి, హంపమ్మ నుదుట పెట్టింది.

హంపమ్మ నుదురు ముందుకు చాపలేదు, వెనక్కీ తీసుకోలేదు. కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ కళ్ళు నీళ్ళతో ఉన్నాయి. పత్రికను రెండు చేతులా అందుకుంది. 

"ఎంత మంచి కడుపున పుట్టినావు తల్లీ," అంది.

"అంజలిని కూడా పిలవల్లమ్మా. లోపల ఉందా?"

"అన్నానికి పోయినట్టుండాది. ఎండన పడి వచ్చినావు, లోపల సల్లగా ఉంటాది కూర్చో. నేను పోయి పిలుచుకొస్తా." 

హంపమ్మ మెడలోని కార్డును తలుపుకు ఆనించింది. తలుపు తెరుచుకుంది. ఆమె మెట్లు దిగి పోయింది. నాగజ్యోతి గదిలో ఒంటరిగా నిలబడి, తెచ్చిన చిన్న పరికరాన్ని పెద్ద కంప్యూటరుకు తగిలించి, ఫోటో తీసుకుని, ఊడదీసింది. ఒక దొంగకు ఆ పాటి సమయం చాలు. పని పూర్తయింది. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆమెకు సంతోషమే కలిగింది.

బయటికి వచ్చేసరికి హంపమ్మ ఆయాసపడుతూ పైకి వస్తోంది. అంజలి క్యాంటీన్లోంచి ఎటో పోయిందట, వస్తే చెప్తానంది. పత్రికను కూడబలుక్కుని చదువుతూ, "ఆదివారమా తల్లీ? నేను రావచ్చునా?" అని అడిగింది.

"నువ్వు రాకుంటే ఎట్లమ్మా? తప్పకుండా రావల్ల."

ఆ మాట పరీక్షకు అవసరం లేదు. తలుపు అప్పటికే తెరుచుకుంది, ఫోటో అప్పటికే ఫోనులో ఉంది. ఊరికే అంది. నోరు తియ్యగా ఉన్నప్పుడు ఇంకో తియ్యటి మాట జారుతుంది గదా, అలా.

రిపోర్టులో రూలు ప్రకారం పేరు రాయలేదు. 'రెండో అంతస్తు తలుపు వద్ద ఉండే సిబ్బంది' అని రాసింది. ఆ తలుపు వద్ద ఉండేది ఒక్కరే. వీడియో కూడా అడిగిన వెంటనే పంపింది. సోమవారం మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి నాలుగు జాగ్రత్తలు చెప్పాలని భూపేష్ రెడ్డి కబురు పెట్టాడు.

సోమవారం వీళ్ళు మెట్లెక్కుతుంటే హంపమ్మ ఎదురొచ్చింది. ముఖం విప్పారింది. గుడ్డసంచీలోంచి కొత్త స్టీలు బిందె తీసింది.

"నీ కోసరం చూస్తాండా తల్లీ! పెండ్లికి వచ్చినా నేను. నువ్వు యాడా కానరాకపోతివి. దీన్ని అంజలమ్మ చేతికిచ్చి పంపుదామని తెస్తి," అంది. "ఆడ వేరే పెండ్లి అయితాండాది. రమణి అనే పిల్ల పెండ్లి యాడ అని చదివింపులు రాసేయప్పను అడిగితి. ఈ పెండ్లి కాదు పోమ్మా అనె. ఇంగొకాయన నేను అన్నానికొచ్చినాననుకున్నాడు. కడా పంక్తిలో కూర్చోబెడతాంలే, ఓ పక్కన నిలబడు అనె. సిగ్గయిపోయి వచ్చేస్తి. తారీఖు నేనే తప్పు చదువుకుంటినేమో, నా చదువు అంతంతమాత్రమే గదా. అయిందా పెండ్లి? బాగా అయిందా?"

నాగజ్యోతి నిజం చెప్పాల్సిన చోటు అదే. వెనక జయరాజ్ ఉన్నాడు, పక్కన జనం పోతున్నారు, పైనుంచి భూపేష్ రెడ్డి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. 

"అయిందమ్మా. బాగా అయింది," అంది.

"సల్లగా ఉండనీ," అని హంపమ్మ బిందెను ఆమె చేతుల్లో పెట్టింది. బిందె మెడ చుట్టూ చుక్కల అక్షరాలతో పేరు కొట్టించి ఉంది. చి.సౌ. రమణి పెండ్లికి, హంపమ్మ.

బిందెను జయరాజ్ చేతికిచ్చి నాగజ్యోతి భూపేష్ రెడ్డి గదిలోకి దాదాపు పరుగెత్తింది. 

"సార్, ఆ వీడియో వేయొద్దు. కనీసం ముఖం కనబడకుండా చేసి ఇస్తా, ఒక్కరోజు ఆగండి. నేను ఆపు అంటున్నా. రూల్లో ఉంది."

భూపేష్ రెడ్డి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళకు ఆ కాగితం చదివాడు మరి. సొరుగులోంచి తీసి, వేలు పెట్టి చూపించాడు.

"పరీక్ష జరిగేటప్పుడు ఆపు అంటే ఆపల్ల అని ఉండాది. పరీక్ష అయిపోయె గదమ్మా, మొన్ననే. ఇప్పుడు జరిగేది పాఠం. పాఠానికి వీడియో వాడుకోవచ్చునని నువ్వే రాసినావు, ఇదో, నీ చేతిరాతే."

"ఆమె బాధపడుతుంది సార్."

"మనిషి మీద చెయ్యి వేయకూడదని కూడా ఉండాది దీంట్లో. నువ్వేసినావు. నేనేమన్నా అంటినా?" అని నవ్వాడు. "ఊరికే పెద్దది చేసుకోవద్దు. మంచి పని చేసినావు. కడపలో మా బావమరిదికి కూడా చెప్పినా నీ గురించి."

నాగజ్యోతి దగ్గర ఇంకో రూలు లేదు. 

హాల్లో అందరూ కూర్చున్నారు. హంపమ్మ చివర్లో తలుపు దగ్గర నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. పెద్ద తెర మీద బొమ్మ మొదలైంది. ముందు కుంకుమ భరిణె కనబడింది. తర్వాత గోడ వైపు జరిగి కొంగు లాక్కున్న మనిషి. తర్వాత ఖాళీ నుదురు, దాని మీదికి వస్తున్న వేలు. మూసుకున్న కళ్ళు తెర నిండా పరుచుకున్నాయి. 'నాకు ఆయప్ప లేడు' అన్న మాట హాలంతా ఖంగున వినబడింది.

ఒక పక్క నుంచి కిసుక్కుమని నవ్వు వచ్చింది. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. 

"ముండమోపికి పెండ్లి పిలుపంట!" అన్నాడు ముందు వరసలో గుమాస్తా దాసన్న. మెల్లగా అన్నాననుకున్నాడు. కళ్ళనీళ్ళు కారేట్టు నవ్వినవాళ్ళలో కింది అంతస్తు ఆడవాళ్ళూ ఉన్నారు. అదే వేలితో, అదే కుంకుమతో వాళ్ళూ బొట్టు పెట్టించుకున్నవాళ్ళే. అంజలి ఒక్కతే తల దించుకుంది, అయితే నోరు ఆమె కూడా తెరవలేదు.

భూపేష్ రెడ్డి మైకు అందుకున్నాడు. 

"చూసినారు గదా. మా నాయన సంపాదించిందంతా ఆ తలుపు లోపల ఉండాది. దానికి ఈ ఆఫీసులో ఖరీదెంతంటే, చిటికెడు కుంకుమ," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. "నాకేం కోపం లేదు. రూలుండాది, నేనెవర్నీ తీసేయను. హంపమ్మా, రేపట్నుంచి నువ్వు గేటు కాడ కూర్చో. వచ్చేపొయ్యేవాళ్ళు శానామంది, రోజూ ఎవరో ఒకరు బొట్టు పెడతారు."

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. మనుషులు ఇంత చెడ్డవాళ్ళా అంటే, కారు. ఇంటికి పోతే పిల్లలకు అన్నం కలిపి పెట్టేవాళ్ళే. యజమాని నవ్వినప్పుడు నవ్వకుండా ఉండటం వాళ్ళకు చేతకాదు, అంతే.

హంపమ్మ నవ్విన జనాన్ని చూడలేదు. నాగజ్యోతి కూర్చున్న కుర్చీ దాకా నడిచి వచ్చింది. 

"పెండ్లి లేదా తల్లీ అయితే?" అని అడిగింది. 

నాగజ్యోతి తల అడ్డంగా ఊపింది.

"ఇంతకు ముందే అయిందంటివే."

హంపమ్మ మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నుదురు కొంగుతో గట్టిగా తుడుచుకుంది. అక్కడ బొట్టేమీ లేదు, అది పెట్టి రోజులైపోయింది. అయినా తుడుచుకుంది.

"నేను పొమ్మన్లేదు, అందురూ చూడండి. ఉండమనే చెప్తాండా," అని మైకులో భూపేష్ రెడ్డి గొంతు వినిపిస్తూనే ఉంది. 

హంపమ్మ బయటికి పోయింది. ఆ తర్వాత టీ, బిస్కట్లు వచ్చాయి. భూపేష్ రెడ్డి పని ముగింపు పత్రం ముందు పెట్టించాడు. షరతులన్నీ పాటించారని, పరీక్ష కారణంగా ఎవరినీ ఉద్యోగం నుంచి తొలగించలేదని దాంట్లో ఉంది. ప్రతి అక్షరమూ నిజం. మా వల్ల ఎవరికీ కూడు పోకూడదని గొంతు గట్టి చేసి చెప్పిన మనిషి, కలం తీసి దాని కింద సంతకం పెట్టింది. జయరాజ్ ఆమె ముఖం వైపు చూడకుండా పత్రాన్ని మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

గేటు దాటాక రోడ్డు పక్కన, ఎండలో, ఆదోని వైపు పోయే బస్సు కోసం కర్నూలు ఆటోకు ఎదురుచూస్తూ హంపమ్మ నిలబడి ఉంది. నాగజ్యోతి కారు ఆపించి, బిందె పట్టుకుని దిగింది. వచ్చే దారిలో ఎన్నో మాటలు కూర్చుకుంది. ఇంకో చోట పని చూపిస్తానని, నీ కాళ్ళు పట్టుకుంటానని. దగ్గరికి పోయి బిందె ముందుకు చాపింది.

"ఇది తీసుకోమ్మా. నాకు వద్దు. నేను దీనికి తగను. అంగట్లో ఇస్తే వాపసు తీసుకుంటారు," అంది.

హంపమ్మ బిందె వైపు చూసింది, ముట్టుకోలేదు. 

"పేరు కొట్టించినాక వాపసు తీసుకోరు తల్లీ," అంది. గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకునే చనువు కూడా ఇక ఈమెతో వద్దనుకున్నట్టుంది. "నీకాడే ఉండనీ. ఎప్పుడన్నా, యాడన్నా, రమణి అనే పిల్ల పెండ్లి నిజంగా అయితే ఇయ్యి. హంపమ్మ ఇచ్చిందని మాత్రం చెప్పొద్దు. మంచికార్యం గదా."

ఆటో వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుని, నాగజ్యోతి వైపు చూడకుండా, కొంగు భుజం మీదికి లాక్కుని ఓ పక్కకు జరిగింది.